షటిల్‌ను నిలబెట్టడం: ఎత్తేది కొన్ని గంటలే, మరి వారాలు ఎందుకు?

ప్రశ్న: అమెరికా స్పేస్ షటిల్‌ను ఒక పెద్ద భవనంలో నిలువుగా నిలబెట్టి, బూస్టర్లు, ట్యాంకు అన్నీ కలిపాక లాంచ్ ప్యాడ్‌కి తీసుకెళ్లేవారని చదివాను. భాగాలన్నీ ముందే తయారై వస్తాయి కదా, క్రేన్‌తో ఎత్తి పెట్టి బోల్టులు బిగించడానికి అన్ని వారాలు ఎందుకు పట్టేది? మన శ్రీహరికోటలో కూడా ఇలాగే చేస్తారా?

సమాధానం:

ముందుగా ఒక మాట. నేను నాసాలో పనిచేసినవాణ్ని కాదు. థర్మల్ పవర్ ప్లాంట్లలో ఎరెక్షన్ ఇంజనీరుగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. బాయిలర్ డ్రమ్ములు పైకెక్కించడం, జనరేటర్ స్టేటర్లు (జనరేటర్‌లో తిరగకుండా ఉండే భారీ భాగాలు) ఫౌండేషన్ మీదకు దించడం నా పని. రాకెట్ ఎలా ఎగురుతుందని అడిగితే నాకన్నా బాగా చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. మీరు అడిగింది క్రేన్లు, బోల్టుల గురించి కాబట్టి ధైర్యం చేసి రాస్తున్నాను. పైగా ఆ భవనం లోపలికి ఒకసారి వెళ్లాను. షటిల్ ప్రోగ్రాం ముగిశాక కొన్నాళ్లు ఫ్లోరిడాలోని కెన్నెడీ స్పేస్ సెంటర్ వాళ్లు సందర్శకులను అందులోకి తీసుకెళ్లేవారు. 2012లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఆ టూర్ టికెట్ దొరికింది. అందరూ ఫొటోలు దిగుతుంటే నేను తల పైకెత్తి క్రేన్ గిర్డర్లు చూస్తూ నిలబడిపోయాను. "మామయ్యా, బస్సు వెళ్లిపోతుంది" అని మా అల్లుడు రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

సూటిగా జవాబు చెప్పాలంటే, ఎత్తడానికి పట్టేది గంటలే. ఎత్తినదాన్ని కిందున్నదాని మీద సరిగ్గా కూర్చోబెట్టాలి, కూర్చుందని రుజువు చేసుకోవాలి, ఆ తర్వాతే దాని మీద ఇంకొకటి పెట్టాలి. రోజులన్నీ అక్కడే పోతాయి. పైన మరో భాగం వచ్చి కూర్చున్నాక కింది జాయింటులోకి మళ్లీ చెయ్యి పెట్టలేం. పెట్టాలంటే పైనదంతా విప్పాల్సిందే.

ఆ భవనం పేరు వెహికల్ అసెంబ్లీ బిల్డింగ్, అందరూ వీఏబీ అంటారు. 1960ల మధ్యలో, చంద్రుడి మీదకు వెళ్లిన సాటర్న్ 5 రాకెట్ కోసం కట్టారు. ఎత్తు 160 మీటర్లు. మా ప్లాంటు చిమ్నీ 275 మీటర్లు కాబట్టి ఎత్తు నాకు కొత్త కాదు. కానీ చిమ్నీ లోపల నిలబడి పైకప్పు కింద నడిచే క్రేన్లను చూడం కదా, అక్కడ తేడా తెలిసింది. లోపల నాలుగు హై బేలు (రాకెట్‌ను నిలబెట్టి కట్టే ఎత్తయిన గదులు), వాటి మధ్యలో భవనం పొడవునా ఒక వీధిలాంటి ఖాళీ. దాన్ని ట్రాన్స్‌ఫర్ ఐల్ అంటారు. హై బే తలుపులు ఒక్కోటి 139 మీటర్ల ఎత్తు, పూర్తిగా తెరవడానికి ముప్పావుగంట పడుతుంది. లోపల మబ్బులు పట్టి వాన పడుతుందని చాలాచోట్ల రాస్తుంటారు. నేను వెళ్లిన రోజు మాత్రం మామూలు గోడౌనులో ఉండే ఉక్కపోతే ఉంది.

ఇప్పుడు పని వరుసలోకి వద్దాం. షటిల్ అంటే మనకు కళ్ల ముందు మెదిలేది రెక్కలున్న తెల్ల విమానం. దాన్ని ఆర్బిటర్ అంటారు. బిగింపులో అది చిట్టచివర వస్తుంది. మొదట వచ్చేవి రెండు ఘన ఇంధన బూస్టర్లు. కారణం చాలా సింపుల్. ప్యాడ్ మీద నిలబడ్డప్పుడు ఆర్బిటర్ బరువు ట్యాంకు (ఆర్బిటర్ ఇంజన్లకు ద్రవ ఇంధనం ఇచ్చేది) మీద, ట్యాంకు బరువు బూస్టర్ల మీద పడుతుంది. బూస్టర్లు మాత్రమే నేలను ఆనుకుని ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే అవే కాలమ్స్, మిగతావన్నీ వాటికి వేలాడదీసిన సామాను.

నేల అన్నాను గానీ అది కూడా నేల కాదు. మొబైల్ లాంచర్ ప్లాట్‌ఫారం అనే ఉక్కు అరుగు. 49 మీటర్ల పొడవు, 41 మీటర్ల వెడల్పు, రెండంతస్తుల ఇంటి మందం, ఖాళీ బరువే 3,700 టన్నులకు పైన. హై బేలో ఆరు దిమ్మల మీద దీన్ని కూర్చోబెట్టి, దాని మీద బూస్టర్లు కట్టడం మొదలుపెట్టేవారు. ఒక్కో బూస్టర్ అడుగు భాగాన్ని నాలుగేసి బోల్టులు పట్టుకునేవి. రెండింటికీ కలిపి ఎనిమిది. ఒక్కో బోల్టు సుమారు 9 సెంటీమీటర్ల వ్యాసం, 71 సెంటీమీటర్ల పొడవు. మొత్తం షటిల్‌ను ప్లాట్‌ఫారానికి పట్టి ఉంచేవి ఆ ఎనిమిదే. ప్రయోగం రోజు పైనుండే నట్లను పేలుడు పదార్థంతో రెండు ముక్కలు చేస్తారు, బోల్టు కిందికి జారి ఇసుకలో పడుతుంది, షటిల్ వదులవుతుంది.

ఆ బోల్టుల మీద లోడు మామూలుది కాదు. ఆర్బిటర్ మెయిన్ ఇంజన్లు మూడూ బూస్టర్లకన్నా 6.6 సెకన్ల ముందే మండుతాయి. అవి ఒక పక్కన ఉంటాయి కాబట్టి మొత్తం షటిల్ తాటిచెట్టులా రెండో పక్కకు ఊగుతుంది. కొస దగ్గర రెండు అడుగులకు పైగా కదలిక. తిరిగి నిటారుగా వచ్చే క్షణానికి బూస్టర్లు వెలిగిస్తారు. అంత వంపునూ కింద ఆపేది ఆ ఎనిమిది బోల్టులే. కాబట్టి అడుగు భాగం కూర్చోబెట్టేటప్పుడు లెవెల్, బోల్టు టెన్షన్ (ఇది మనం పడే టెన్షన్ కాదు, బోల్టులో ముందే నింపే లాగుడు బలం) లెక్క తప్పకూడదు. అడుగున తేడా చిన్నదే అయినా 45 మీటర్ల బూస్టర్ కొసకు వెళ్లేసరికి అది ఎంత పెరుగుతుందో ప్లంబ్ వేసిన ఏ మేస్త్రీకైనా తెలుసు.

బూస్టర్ ఒక్క ముక్కగా రాదు. ఇంధనం పోసిన నాలుగు సెగ్మెంట్లుగా యూటా రాష్ట్రంలోని థయొకాల్ ఫ్యాక్టరీ నుంచి రైల్లో వచ్చేవి. ఒక్కోటి 130 టన్నుల పైచిలుకు, వ్యాసం 3.7 మీటర్లు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంత బరువు రైలు వ్యాగన్ మీద రోజుల తరబడి పడుకుని ప్రయాణిస్తే గుండ్రంగా ఉండాల్సింది కొద్దిగా కోడిగుడ్డు ఆకారంలోకి దిగుతుంది. కంటికి కనపడదు, కొలతకు దొరుకుతుంది. రెండు సెగ్మెంట్ల అంచులు ఒకదానిలో ఒకటి దూరాలి. ఒకటి నిలువుగా, ఇంకొకటి అడ్డంగా సాగితే దూరవు. అందుకే వీఏబీకి ఉత్తరాన ఉన్న వేరే బిల్డింగులో వాటిని నిలువుగా తిప్పి, తనిఖీ చేసి, కలిపే ముందు వ్యాసాన్ని చుట్టూ చాలాచోట్ల కొలిచేవారు. అవసరమైతే హైడ్రాలిక్ పనిముట్టుతో నొక్కి గుండ్రానికి తెచ్చేవారు.

జాయింటు సంగతి కాస్త నిదానంగా చెబుతాను, అసలు కథ అక్కడే ఉంది. కింది సెగ్మెంటు పై అంచు చుట్టూ ఒక గాడి. పై సెగ్మెంటు కింది అంచు ఆ గాడిలోకి నాలుకలా దిగాలి. గాడి లోపలి గోడకు రబ్బరు ఓ-రింగులు. లోపల మండే వాయువు బయటికి రాకుండా ఆపేవి అవే. దింపే ముందు ఓ-రింగు పొడవునా తనిఖీ చేస్తారు. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు ఉన్నా దించరు. అన్నీ సరే అనుకున్నాక 130 టన్నులను క్రేన్ కాస్త కాస్తగా దించుతుంది. మా సైట్లలో ఖలాసీలు పైకెత్తాలంటే "హాబీస్", దించాలంటే "ఆరియా" అని అరుస్తారు. చివరి నాలుగు వేళ్ల గ్యాప్ దగ్గర ఆ అరుపు గుసగుసగా మారిపోతుంది. వీఏబీలో అది రేడియోలో ఇంగ్లీషులో జరిగేది, అంతే తేడా. నాలుక గాడిలోకి దిగాక చుట్టూ ఉన్న రంధ్రాలన్నీ ఒకే గీతలోకి రావాలి. అప్పుడు ఒక అంగుళం వ్యాసం ఉన్న 177 పిన్నులు ఒక్కొక్కటీ కొట్టాలి. ఒక బూస్టర్‌కి ఇలాంటి జాయింట్లు మూడు. రెండు బూస్టర్లకు కలిపి లెక్క వేస్తే 1,062 పిన్నులు.

పిన్నులు దిగాక లీక్ టెస్టు. ఓ-రింగుల మధ్య సందులోకి ఒత్తిడితో గ్యాస్ పంపి, ఒత్తిడి పడిపోతుందా అని చూస్తారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ 73 సెకన్లకే కూలిపోయింది మీకు గుర్తుండే ఉంటుంది. కుడి బూస్టర్ అడుగు జాయింటులో, ఆ రోజు చలికి బిరుసెక్కిన ఓ-రింగులు సీలు చేయలేకపోయాయి. ఆ విచారణ నివేదికలో నన్ను బాగా కదిలించిన సంగతి వేరే ఉంది. టెస్టు గట్టిగా ఉండాలని కొన్నేళ్లలో లీక్ టెస్టు ఒత్తిడి పెంచుతూ పోయారు. ఆ ఎక్కువ ఒత్తిడే జాయింటు లోపల వేసే పుట్టీలో చిల్లులు పెట్టింది. వేడి వాయువు ఓ-రింగు దాకా రావడానికి దారి దొరికింది. మంచిదని చేసిన పరీక్షే చెడు చేసింది. ఆ తర్వాత డిజైను మార్చారు. నాలుక పట్టు జారకుండా అదనంగా ఒక అంచు, మూడో ఓ-రింగు, చలికి బిగుసుకుపోకుండా జాయింటు చుట్టూ హీటర్లు వచ్చాయి. పుట్టీ తీసేశారు. అవన్నీ వీఏబీలో అమర్చి, పరీక్షించి, మూసేయాల్సిన పనులే. బూస్టర్లు కట్టడానికే మూడు వారాలు పట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. పైగా సెగ్మెంట్లన్నీ నిండా ఇంధనంతో ఉంటాయి. ఆ లిఫ్టింగులు జరిగేటప్పుడు పనిలేని మనిషిని ఆ దరిదాపుల్లో ఉండనిచ్చేవారు కాదు.

బూస్టర్లు నిలబడ్డాక ట్యాంకు. నారింజ రంగులో కనిపించే పెద్దది, 47 మీటర్ల పొడవు. ఖాళీగా ఉన్నప్పుడు బరువు సుమారు 27 టన్నులే, అంత ఆకారానికి అది డొల్ల కింద లెక్క. న్యూ ఓర్లీన్స్ దగ్గరి మిషూ ఫ్యాక్టరీ నుంచి బార్జి మీద సముద్రంలో వచ్చేది. ఎత్తి, నిలబెట్టి, ఒక హై బేలో తనిఖీలు చేసి, మళ్లీ ఎత్తి, రెండు బూస్టర్ల మధ్యలోకి పైనుంచి దించేవారు. ఆ నారింజ రంగు పెయింటు కాదు, ఇన్సులేషన్ ఫోమ్. మొదటి రెండు ప్రయోగాలకు దాని మీద తెల్ల రంగు వేశారు. తర్వాత అది మానేస్తే 270 కిలోల దాకా బరువు కలిసొచ్చింది. ఫోమ్ ఎంత మెత్తనిదంటే, 1995లో డిస్కవరీ ప్యాడ్ మీద ఉండగా వడ్రంగి పిట్టలు దాన్ని చెట్టు అనుకుని సుమారు 200 చిల్లులు పొడిచాయి. మొత్తం షటిల్‌ను వెనక్కి వీఏబీకి తెచ్చి పూడ్చాల్సి వచ్చింది. తర్వాత ప్యాడ్ దగ్గర ప్లాస్టిక్ గుడ్లగూబలు పెట్టారు. మన పొలాల్లో దిష్టిబొమ్మలా.

ఆ ఫోమ్‌ను నవ్వుకుని వదిలేయడానికి లేదు. ఆర్బిటర్ ముక్కు దగ్గర ట్యాంకును పట్టుకునే రెండు కాళ్ల ఫిట్టింగు ఒకటి ఉంటుంది, బైపాడ్ అంటారు. దాని మొదట్లో చేత్తో చెక్కిన ఫోమ్ దిమ్మ ఉండేది. 2003 జనవరిలో కొలంబియా ఎగిరినప్పుడు అందులో ముక్క ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు తిరిగి రాలేదు. తర్వాతి ట్యాంకుల్లో ఆ దిమ్మనే తీసేశారు.

ఇక ఆర్బిటర్. పక్కనే ఉన్న హ్యాంగర్ల నుంచి 76 చక్రాల ట్రాన్స్‌పోర్టర్ మీద ట్రాన్స్‌ఫర్ ఐల్లోకి వచ్చేది. పొడవు 37 మీటర్లు, బరువు 80 టన్నులకు అటూ ఇటూ. ఒంటి నిండా వేడిని తట్టుకునే టైళ్లు, సుమారు 24,000. వేడిని తట్టుకుంటాయి గానీ దెబ్బను కాదు. స్లింగ్ (క్రేన్ హుక్కుకు తగిలించి బరువును పట్టే సరంజామా) గట్టిగా తగిలినా విరుగుతాయి. దాన్ని పసుపు రంగు స్లింగులో పట్టి, ముందు పక్క ఒక క్రేన్, వెనక పక్క ఒక క్రేన్‌తో పడుకున్నట్టే పైకెత్తుతారు. తర్వాత ముక్కును పైకి లాగుతూ, తోకను దించుతూ, నిలువుగా తిప్పుతారు. స్టేటర్ పని చేసినవాళ్లకు ఈ టాండమ్ లిఫ్ట్ తెలుసు. రెండు క్రేన్ల వేగం కలవకపోతే బరువంతా ఒకదాని మీదికి పోతుంది. షటిల్‌కి ఇంకో తంటా ఉంది. ఇంజన్లన్నీ తోకలో ఉండడంతో బరువు సమంగా పంచుకోదు. నిలువయ్యాక వెనక క్రేను వదిలేసి, ఒక్క క్రేనే 16వ అంతస్తు ఎత్తు దాకా లేపి, అక్కడున్న సందులోంచి హై బేలోకి దాటించి, ట్యాంకు పక్కన దించుతుంది.

ఆపరేటర్ ఎక్కడో కప్పు కింద క్యాబిన్‌లో ఉంటాడు. కింద ఏం జరుగుతోందో రేడియోలో వినాల్సిందే. అక్కడి ఆపరేటర్లకు పెట్టే పరీక్షలో పెద్ద బరువును కోడిగుడ్డు మీద పగలకుండా ఆనించాలని చెబుతారు. నాకు అది అతిశయోక్తిగా అనిపించదు. మా సైట్లో ఒక ఆపరేటర్ 50 టన్నుల క్రేన్ హుక్కుతో సగం తెరిచిన అగ్గిపెట్టెను మూసి చూపించేవాడు, టీ పందెం కోసం.

తిప్పడం గురించి ఒక సొంత అనుభవం చెప్పాలి. బాయిలర్ డ్రమ్మును కాలమ్స్ మధ్యలోంచి పైకి తీసుకెళ్లడానికి ఏటవాలుగా వంచాలి. ఒకసారి ఇరవై మీటర్ల ఎత్తులో వంచుతుంటే డ్రమ్ము లోపల ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా ఏదో దొర్లుకుంటూ పోయి ఠంగుమని కొట్టుకుంది. అందరం బిగుసుకుపోయాం. ఎవరో లోపల మర్చిపోయిన స్పానర్. తప్పు మాదే, ఎక్కించే ముందు లోపలికి టార్చి వేసి చూశామని సంతకం పెట్టింది కూడా మేమే. నాసా వాళ్లకూ అచ్చం ఇదే జరిగిందని చదివినప్పుడు కాస్త ఊరట కలిగింది. 1990లో అట్లాంటిస్‌ను ఎత్తుతుండగా, తోక భాగంలోంచి ముందే తీసేయాల్సిన ప్లాట్‌ఫారం దూలం ఒకటి ఊడిపడింది. పడుకున్నప్పుడు దాని బతుకు అది బతికింది, నిలబెట్టేసరికి పడింది. స్వల్ప నష్టమే, బాగుచేసుకున్నారు. పనిముట్లను తాడుతో ఒంటికి కట్టుకోమని, జేబులు ఖాళీ చేసి రమ్మని చెప్పే రూల్స్ చాదస్తంలా కనిపిస్తాయి గానీ, అవి ఇలాంటివాటికోసమే.

ఆర్బిటర్ ట్యాంకును పట్టుకునేది మూడే చోట్ల. ముందు ఒకటి, వెనక రెండు. మొదట సాఫ్ట్ మేట్ చేస్తారు. అంటే బోల్టులు దూర్చి, బరువు ఇంకా క్రేన్ మీదే ఉంచి, అన్నీ కుదిరాయా అని కొలుస్తారు. తర్వాత హార్డ్ మేట్: బిగించి, నెమ్మదిగా క్రేన్ లోడు తగ్గిస్తూ బరువును ట్యాంకు మీదికి మారుస్తారు. ఆ తర్వాత వెనక అడుగున రెండు పెద్ద పైపుల కలయిక. 17 అంగుళాల కనెక్షన్లు, ఒకటి ద్రవ హైడ్రోజన్‌కి, ఇంకొకటి ద్రవ ఆక్సిజన్‌కి. వీటి గురించి మీకు 1990 చూపిస్తే చాలు. మే చివర్లో కొలంబియాకు ఇంధనం నింపుతుంటే ఆ హైడ్రోజన్ కనెక్షన్ దగ్గర లీకు. వీఏబీకి వెనక్కి తెచ్చారు, ట్యాంకు నుంచి విడదీశారు, పైపు అసెంబ్లీ మార్చారు, మళ్లీ కట్టారు. అయినా లీకులు వెంటాడాయి. చివరికి ఎగిరింది డిసెంబరు 2న.

ఆర్బిటర్ వచ్చాక కరెంటు ఇచ్చి, ట్యాంకు, బూస్టర్లు, ప్లాట్‌ఫారం అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుతున్నాయా అని చూసే ఇంటర్‌ఫేస్ టెస్టు ఉంటుంది. అనుభవం వచ్చాక ఆర్బిటర్ వీఏబీలో ఉండేది ఒక వారమే. తొలి ప్రయోగానికి కొలంబియా హ్యాంగర్లో 610 రోజులు, వీఏబీలో 35 రోజులు, ప్యాడ్ మీద 105 రోజులు ఉంది. చూశారా, అప్పటికీ వీఏబీ వాటానే అన్నిటికన్నా చిన్నది. అక్కడి నుంచి క్రాలర్ అనే గొలుసు చక్రాల బండి ప్లాట్‌ఫారంతో సహా అంతటినీ ఎత్తుకుని, గంటకు ఒక మైలు వేగంతో ఐదారు కిలోమీటర్లు మోసుకుపోయేది. దాని గురించి వేరే రాయాలి, ఇక్కడ వదిలేస్తున్నా.

మీ రెండో ప్రశ్న, శ్రీహరికోట. అక్కడ రెండు పద్ధతులూ ఉన్నాయి. మొదటి లాంచ్ ప్యాడ్ దగ్గర చాలా ఏళ్లు పాత పద్ధతిలో రాకెట్‌ను ప్యాడ్ మీదే కట్టి, చుట్టూ ఉండే సర్వీస్ టవర్‌ను చివర్లో వెనక్కి జరిపేవారు. 2005లో వాడకంలోకి వచ్చిన రెండో ప్యాడ్‌కి మాత్రం వీఏబీ పద్ధతే. పేరు కూడా వెహికల్ అసెంబ్లీ బిల్డింగే. కట్టిన రాకెట్‌ను క్రాలర్ మీద కాకుండా పట్టాల మీద సుమారు కిలోమీటరు దూరం తీసుకెళ్తారు.

షటిల్‌కి బాగా దగ్గరి పోలిక కావాలంటే ఇస్రో ఎల్‌వీఎం3 రాకెట్ చూడండి, 2023 జూలైలో చంద్రయాన్-3ను మోసింది. దాని రెండు ఎస్200 ఘన బూస్టర్లు మూడేసి సెగ్మెంట్లతో ముందు నిలబడతాయి, ద్రవ ఇంధన భాగం తర్వాత వాటి మధ్యలోకి దిగుతుంది. వరుస అదే, లాజిక్కూ అదే. ఒక సౌకర్యం మాత్రం మనవాళ్లకు ఎక్కువ: ఆ సెగ్మెంట్లలో ఇంధనం పోసేది శ్రీహరికోటలోనే కాబట్టి, యూటా నుంచి ఫ్లోరిడా దాకా రైల్లో పడుకుని కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చే బాధ లేదు. ఈసారి ప్రయోగం ముందు ఇస్రో వాళ్లు వీడియో పెడితే, రాకెట్ ముక్కు వైపు కాకుండా అడుగు వైపు చూడండి. రెండు బూస్టర్లు పీఠాన్ని ఆనుకుని ఉంటాయి, మధ్యలోది వాటిని పట్టుకుని వేలాడుతుంటుంది.